పోగు కనబడి, బకెట్ కనబడని పిల్ల

నా చిన్నప్పుడు మా వాడలో నన్ను ఎవరూ గుడ్డిదని అనలేదు. దొంగవేషాలది అనేవారు. గుడ్డిదని అనుంటే కాస్త జాలైనా దక్కేది. ఈ సంగతి ఇప్పుడు రాయడానికి కారణం ఉంది. పోయిన వారం నేను డిగ్రీ పాసయ్యాను! యాభై దాటిన వయసులో, మా వంశంలో మొట్టమొదటి డిగ్రీ. ఎదురైన వాళ్లందరికీ చెప్పాను, ఎదురుపడని వాళ్లకు ఫోన్ చేసి మరీ చెప్పాను. అయినా తనివి తీరలేదు. ఈ చదువు నాకు దక్కకుండా పోవలసిన రోజు ఒకటి ఉంది, అది చెప్తేగాని నా సంతోషం ఎంతటిదో ఎవరికీ అర్థం కాదు.

మాది సిరిసిల్ల. బాపు ఒక ఆసామి కార్ఖానాలో సాంచాలు, అంటే కరెంటు మగ్గాలు, నడిపేవాడు. బడి విడిచాక నేను చాయ్ తీసుకుని అక్కడికి పోయేదాన్ని. సాంచ మీద పోగు తెగితే బాపు కంటే ముందు నాకే కనబడేది. వెంట్రుక లాంటి పోగు, అదీ దూరం నుంచి. నేను వేలు పెట్టి చూపిన చోట బాపు ముడి వేసేవాడు. ఆ చూపే నా కొంప ముంచింది. అంత సన్నని పోగు కనబడే పిల్లకు కాలి పక్కన నీళ్ల బకెట్ కనబడలేదంటే ఎవరు నమ్ముతారు? బకెట్లు తన్నేదాన్ని, గడపలకు తట్టుకునేదాన్ని, పొద్దుగూకితే గోడలు తడుముకుంటూ నడిచేదాన్ని. పని తప్పించుకోవడానికి నటిస్తున్నానని అందరూ తేల్చేశారు. కనబడలేదని చెప్పినప్పుడల్లా ఒక దెబ్బ ఎక్కువే పడేది.

ఒక సాయంత్రం పక్కనున్న నూనె డబ్బాను తన్నాను. అప్పుడే నేసిన తెల్లబట్ట మీద నల్లటి నూనె పారింది. ఆసామి నన్నేమీ అనలేదు. బాపునే, అందరి ముందు, నోటికొచ్చినట్టు తిట్టాడు. బాపు అక్కడే నన్ను కొట్టాడు. ఇంటికొచ్చాక కొట్టలేదు. దెబ్బ కంటే గట్టి మాట ఒకటి నెమ్మదిగా అన్నాడు.

"రేపటి సంది బడి బంద్. అత్త పక్కన కూసొని బీడీలు చెయ్. గాడ తన్నెతందుకు ఏముండయ్."

నా పుస్తకాల సంచి అటక మీదికి పోయింది.

మా మేనత్త, బాపుకు అక్క, మెత్తని మనిషేమీ కాదు. మా అరుగు మీదే చాట ఒడిలో పెట్టుకుని బీడీలు చుట్టేది. ఆమె నోటికీ చేతికీ వాడంతా భయపడేది. పక్కన కూర్చోగానే నన్ను పనిదొంగ అంది. కాసేపటికి నా మోకాలు తగిలి తంబాకు గిన్నె బోర్లా పడింది. అత్త చెయ్యి లేచింది.

ఆ చెయ్యి లేస్తే ఏ పిల్లయినా తల దాచుకుని ముడుచుకుపోవాల్సిందే. నేను మాత్రం తాపీగా ఆకు కత్తిరిస్తూనే ఉన్నాను. చెయ్యి గాలిలోనే ఆగిపోయిందని తరువాత ఆమే చెప్పింది. రెండో పక్క నుంచి మళ్లీ ఎత్తిందట. అప్పుడూ నేను బెదరలేదు. ఆ చెయ్యిని మెల్లగా ముందుకు తెచ్చింది, నా ముక్కు ఎదుటికి వచ్చాకగాని నేను కెవ్వుమనలేదు. దెబ్బ పడలేదు. బకెట్ కనబడనట్టు నటించవచ్చు గాని, తన చెయ్యి కనబడనట్టు నటించే పిల్ల మా వాడలో ఇంకా పుట్టలేదని ఆమె లెక్క.

మరునాడు నా రెక్క పట్టుకుని కార్ఖానాకు ఈడ్చుకుపోయింది. కరెంటు పోయి సాంచాలన్నీ ఆగి ఉన్నాయి. పనివాళ్లు ముచ్చట పెట్టుకుంటూ కూర్చున్నారు. నూలు చుట్టి వచ్చే అట్ట కోన్లు, ఖాళీ అయినవి, మూలకు కుప్పగా పడి ఉన్నాయి. వాటిలోంచి రెండు తీసి, వెడల్పు వైపు కళ్లకు ఆనించుకుని సన్నని కొస నుంచి చూడమని బాపుకు ఇచ్చింది. ఎదురుగా సాంచ మీద పోగులు కనబడుతున్నాయా అంటే, మంచిగనే కనబడుతున్నాయన్నాడు. అలాగే నడిచిపోయి ఒక పోగు పట్టుకొమ్మంది. బాపు నవ్వుతూనే కదిలాడు. కదలగానే కాళ్ల దగ్గరున్న నీళ్ల బకెట్ తన్నాడు, తూలి సాంచ ఇనుముకు మోకాలు కొట్టుకున్నాడు. పనివాళ్లు పగలబడి నవ్వారు, ఆసామి అందరికంటే గట్టిగా.

"పోగు కనవడ్డదా తమ్మీ?" అంది అత్త.

"కనవడ్డది."

"మరి బకెట్?"

బాపు మోకాలు రుద్దుకున్నాడు.

"గింత పెద్ద బకెట్ కనవడలేదా? పని ఎగ్గొట్టెతందుకు ఏషాలేస్తున్నవా?"

నవ్వు ఆగిపోయింది. బాపు నా వైపు చూడలేదు, తప్పయిందని అనలేదు. సాయంత్రానికి సంచి మాత్రం అటక దిగింది. పొద్దుగూకక ముందే ఇంట్లో ఉండాలనీ, ఇక కార్ఖానా మొహం చూడొద్దనీ గుర్రుమన్నాడు. అత్త కూడా నన్ను పనిదొంగ అనడం మానలేదు.

పది దాకా చదివాను, తరువాత పెళ్లి. ఆ తరువాతే హైదరాబాదులో ఒక డాక్టరు దీని పేరు చెప్పాడు: రెటినైటిస్ పిగ్మెంటోసా, అరుదైన జబ్బు. కంటి లోపలి పొరలో వెలుతురును పట్టే కణాలు మెల్లమెల్లగా చచ్చిపోతాయట. మసక వెలుతురుకూ పక్కచూపుకూ పనికొచ్చేవి ముందు పోతాయి, నడిమి చూపుకు పనికొచ్చేవి చివరిదాకా నిలుస్తాయి. నా రకానికి మందు లేదన్నారు. ఇప్పుడు నడిమి చూపు కూడా పలచబడింది, అక్షరాలు ఆనవు. చాలా ఏళ్లకు దూరవిద్యలో చేరి, డిగ్రీ పాఠాలన్నీ విని నేర్చుకున్నాను. పరీక్షలో నేను చెప్తుంటే కాలేజీ పిల్ల ఒకతె రాసింది. గోడ గడియారం కనబడే మనిషికి రాసిపెట్టేవాళ్లు ఎందుకని అక్కడ ఒక సారు అందరికీ వినబడేలా అన్నాడు. ఆ పిల్ల మాత్రం నన్నేమీ అడగలేదు. "చెప్పుండ్రి ఆంటీ" అని పెన్ను తీసింది.

పాసైన సంగతి చెప్పడానికి బాపుకు ఫోన్ చేశాను. ముసలివాడయ్యాడు గాని మాటలో విరుపు పోలేదు. కళ్లు లేకుండా ఎలా పాసయ్యావన్నాడు.

"కనవడతలేదంటే నమ్మినోళ్లు దొరికిన్రు బాపూ," అన్నాను.

ఆయన ఫోన్ పెట్టేశాడు.

అత్త తెలివిని తలుచుకుని ఇప్పటికీ మురిసిపోతాను. దాని పక్కనే ఒక కోపం కూడా అలాగే ఉంది. బాపు మోకాలు పగిలేదాకా నా మాట నిజం కాలేదన్న కోపం. అది పోవాలని నేను కోరుకోను. ఎవరైనా కనబడట్లేదన్నా, వినబడట్లేదన్నా, నొప్పిగా ఉందన్నా, ఆ కోపమే నా నోరు మూయించి ముందు నమ్మమంటుంది. నమ్ముతాను. పరీక్షలు పెట్టడానికి లోకం ఎలాగూ ఉంది.