కొంగుల పడ్డ అచ్చు

కూసో బిడ్డా, ఫోన్ పక్కన వెట్టి సక్కగ విను. నాచారంల బస్సెక్కితే నా పక్కన ఒకామె ఒళ్లె బట్టమూట పట్టుకొని కూసున్నది. మిలిటరీ దళాలోళ్లు జేబుల వెట్టుకునే గుర్తు బిళ్లలు జేసే కార్ఖానల పనంట. మూటల ఆ బిళ్లలు గుద్దే ఉక్కు అచ్చున్నది. దాన్ని అద్దం లెక్క మెరుగు వెట్టింది ఆమెనే. వాళ్ల మిషన్ ఖరాబైందని ఉప్పల్‌ల వేరే మిషన్ మీద బిళ్లలు గుద్దియ్య తీస్కపోతున్నది.

"ఈ బిళ్లలు తీస్కునే దళం రేపు పొద్దుగాల బార్డర్‌కు పోతది పెద్దమ్మా. ఇంకో అచ్చు చెక్కే టైం లేదు" అన్నది.

గంతల డ్రైవర్ బ్రేక్ కొట్టిండు. మూట ఇప్పుకొని అచ్చు జారింది. నేను కొంగు చాపిన, అండ్ల పడ్డది.

"వేలు వెట్టకు, మరక వడ్తది" అనుకుంట ఆమె తీసి, కిటికీ ఎలుగుల అటు ఇటు వంచి సూస్తున్నది.

"గీత వడ్డదా?" అన్న.

"పడితే అన్ని బిళ్లల మీద వస్తది. సరిహద్దుకు పోయేటోని జేబుల గీత వడ్డ బిళ్ల ఎట్ల పెడ్తం?"

ఉప్పల్ వచ్చింది, అందరు దిగిన్రు. ఆమె ఇంక సూస్తనే ఉన్నది.

"దిగుతరా, డిపోకస్తరా?" అన్నడు కండక్టర్.

"ఏం గాలే" అన్నది ఆమె. నా కొంగు ముడతలు రెండు చేతుల్తోని సాపు జేసి, నా భుజం మీద ఏసి దిగిపోయింది.

ఇప్పటికి బస్సు బ్రేక్ వడితే నేను రాడ్ పట్టుకోను బిడ్డా, ముందుగాల కొంగు...

"అత్తమ్మా, అన్నం సల్లారుతున్నది!"

ఆ, వస్తున్న కోడలా. ముందుగాల కొంగు చాపుత.