మాస్టారి పుస్తకంలో నేను మింగేసిన వాక్యాలు

ముప్పై ఏళ్లుగా దీన్ని మోస్తున్నాను. జాలిపడకండి. దించుకునే వీలు మొదటిరోజు నుంచీ ఉంది. దించలేదు.

నాది దివిసీమ. వలలు అల్లేవాణ్ణి. ఉప్పెనలో ఇల్లూ వలలూ పోయి బందరు చేరాను. కాలేజీలో ఇంగ్లీషు చెప్పి రిటైరైన ఒక సాయిబుగారు నలభై రెండేళ్ల వయసులో నాకు పలక పట్టించారు. మాస్టారూ అనేవాణ్ణి. ఆయన నన్ను బావా అనేవారు.

ఏడాది తిరిగేసరికి ఆయన చూపు పోయింది. అప్పటికే ఒక పుస్తకం మొదలుపెట్టి ఉన్నారు. కొత్త ఫారసీ నవలల్నీ, ఇంగ్లీషు నవలల్నీ పక్కపక్కన పెట్టి సాహిత్య సిద్ధాంతంతో పరీక్షించే పుస్తకం, తెలుగులో. తన కథ తానే చెప్పుకునేవాణ్ణి నమ్మకూడదనీ, వాడు ఎక్కడ గబగబా దాటేస్తాడో అక్కడ ఆగి చూడాలనీ ఆయన వాదం. ఆయన చెబుతుంటే నేను రాసేవాణ్ణి.

ఒకరోజు ఆయన స్నేహితుడు, గుడివాడ లెక్చరరు, నన్ను చూసి నవ్వాడు. “వలలల్లే చేత్తో సిద్ధాంతమా సాయిబూ?”

“అల్లిక తెలిసినవాడండీ. మా బావ ఒక్క ముక్క వదలడు.”

ఆ మాటే నన్ను చెడగొట్టింది. కాదు, చెడింది నేనే. పెద్దపెద్ద మాటలు వచ్చినప్పుడు ఒత్తులు తెలియక నా చెయ్యి ఆగిపోయేది. ఎలా రాయాలో అడగడానికి నామోషీ. ఆ వాక్యం వదిలేసి, ముందుదాన్నీ తర్వాతదాన్నీ కలిపేసేవాణ్ణి.

“రాశావా బావా?”

“రాశానండి.”

“ఏదీ, చదువు.”

చదివేవాణ్ణి. కాగితంలో లేనిది కూడా చదివేవాణ్ణి. అన్నేళ్లు చదువు లేనివాణ్ణి కదా, ఊరి నుంచి ఊరికి కబురు మోస్తే పొల్లుపోయేది కాదు. విన్నది విన్నట్టు అప్పజెప్పేవాణ్ణి. ఆయన కళ్లు మూసుకుని తలాడించేవారు. చూపులేని మనిషిని నా జ్ఞాపకంతో మోసం చేశాను. దీనికి ఇంకో పేరుందా?

పుస్తకం పూర్తయ్యాక ఆ లెక్చరరు తీసుకెళ్లాడు. నెలకు ఉత్తరం వచ్చింది. చదవాల్సింది నేనే. వాదం నాలుగడుగులు వేసి తెగిపోతోందనీ, ఇక విశ్రాంతి తీసుకోమనీ రాశాడు. ఉన్నదున్నట్టు చదివాను. ఆ ఒక్కటీ నిజాయితీగా చదివాను.

మాస్టారు ఆ ఉత్తరం నా చేతిలోంచి తీసుకుని మడిచారు. తర్వాత, “నువ్వు చదువుతుంటే బాగానే ఉండేది బావా. అయితే తెగింది నా బుర్రలోనేనన్నమాట” అన్నారు.

నేను మంచినీళ్లిచ్చాను. అంతే చేశాను.

ఆయన మళ్లీ పుస్తకం ఊసెత్తలేదు. ఎవరైనా ఏదైనా అడిగితే, నా మాట నమ్మకండి, మతి నిలవడం లేదు అనేవారు. అంత తెలివైన మనిషి తన తెలివినే అనుమానించుకుంటూ రెండేళ్లు బతికి పోయారు.

ఇక్కడ నేనూ ఒకటి దాటేశాను, చెబుతాను. ఆ వాక్యాలన్నీ నాకు కంఠతా ఉన్నాయి. ఆయన బతికుండగా ఎవరిచేతనైనా రాయించి ఉండొచ్చు. ఒక్క పూట పని. అలా చేస్తే నేను వదిలేశానని తెలిసిపోతుంది. ఆయన పోయినప్పుడు ఏడ్చాను, కానీ ఆ ఏడుపు అడుగున, ఇక ఎవరికీ తెలియదులే అన్న నెమ్మది కూడా ఉంది. అది నాకు తెలుసు.

నేను మొట్టమొదట వదిలేసిన వాక్యం ఇది: “కథకుడి విస్మృతి నిర్దోషం కాదు, మరిచానన్న చోటి చుట్టూనే వాడి కథ ప్రదక్షిణం చేస్తుంది.”

రాశానండి.