రెండోసారి మోగిన మాండలిన్

దెయ్యాలూ ఆత్మలూ అని ఎవరైనా మొదలుపెడితే లేచి వెళ్లిపోయే రకం నేను. ఇప్పటికీ అంతే. అయినా అవనిగడ్డలో పట్టపగలు, నిండు హాల్లో నేను విన్నదాన్ని ఏమనాలో తెలియడం లేదు. విన్నది విన్నట్టు రాస్తున్నాను.

బందరులో మాది పాత పాటల ఆర్కెస్ట్రా. పెట్టింది మా అన్నయ్య. తను మాండలిన్, నేను తబలా, పాడేది ప్రసాదు. ప్రసాదు మాకు చుట్టం కాదు. అయినా పాతికేళ్లుగా నేనూ వాడూ బావా అంటే బావా అనుకున్నాం. గుడివాడ పెళ్లిళ్లయినా, దివిసీమలో నవమి పందిళ్లయినా పాత పాటలంటే మమ్మల్నే పిలిచేవారు.

మాకొక తప్పు అలవాటైంది. అన్నయ్య పాటలన్నీ గ్రామఫోన్ రికార్డులు విని నేర్చుకున్నాడు. అందులో ఒకదాని మీద గీత పడింది. ఆ పాటలో రెండో చరణానికి ముందు చిన్న మాండలిన్ బిట్ వస్తుంది. సరిగ్గా అక్కడ ముల్లు వెనక్కి దూకి, ఆ బిట్ రెండోసారి మోగేది. పాటే అంత అనుకుని మేమూ రెండుసార్లు వాయించాం. అసలు పాటలో ఒక్కసారే అని తెలిసేసరికి నా చెయ్యి, ప్రసాదు నోరు అలాగే స్థిరపడిపోయాయి. ఎంత దిద్దుకున్నా, రెండోసారి అయ్యేదాకా వాడు చరణం అందుకోలేడు. "పోనీలేరా, ఇది బందరు పాట అనుకుంటారు" అని అన్నయ్య నవ్వేసేవాడు.

అన్నయ్య పోయి మూడేళ్లయింది. ఆ తర్వాత ఎప్పుడు ఫోన్ చేసినా ప్రసాదుది ఒకటే మాట. "ఎవరూ పిలవట్లేదు బావా. పాత పాటలు ఎవరిక్కావాలి చెప్పు?" నమ్మాను. తబలాలకు గుడ్డ చుట్టి అటకెక్కించాను. పైగా వాడు దిగులుపడతాడని ధైర్యం కూడా చెప్పాను.

మొన్న వేసవిలో మా ఆవిడ తరఫువాళ్ల షష్టిపూర్తికి అవనిగడ్డ వెళ్లాం. భోజనాలకు ఇంకా టైముంది. స్టేజీ మీద ప్రసాదు పాడుతున్నాడు. వాయించేవాళ్లు ఒక్కరూ లేరు. ల్యాప్‌టాప్‌లో కరోకే ట్రాక్ పెట్టుకున్నాడు.

"ఈయన భలే బిజీ అండీ" అన్నాడు నా పక్కాయన. "మూడేళ్లుగా మా వైపు ఏ ఫంక్షనైనా ఈయనే."

మూడేళ్లు! అన్నయ్య దినకార్యాలయ్యీ కాకముందే మొదలుపెట్టాడన్నమాట. ఒళ్లు మండిపోయింది. నువ్వొద్దు అని మొహం మీదే చెప్పి ఉంటే ఇంత బాధపడేవాణ్ణి కాదు.

అంతలో షష్టిపూర్తి పెద్దాయన, మా గీత పడ్డ రికార్డులోని ఆ పాటే కావాలని పట్టుబట్టాడు. ప్రసాదు మొహం మాడిపోయింది. ట్రాక్ మీద దాన్ని ఎప్పుడూ పాడి ఉండడు. తప్పక మొదలుపెట్టాడు.

నాకు లోపల సంతోషం వేసింది, దాచను. ట్రాక్ వాడికోసం ఆగదు. బిట్ ఒక్కసారే వస్తుంది, వీడు అలవాటు కొద్దీ ఆగుతాడు, పాట వెళ్లిపోతుంది, నలుగురిలో వెర్రిమొహం వేసుకుని నిలబడతాడు. మూడో వరసలో కూర్చుని దానికోసమే ఎదురుచూశాను.

బిట్ వచ్చింది. అయిపోయింది. మళ్లీ వచ్చింది.

రెండోసారి వచ్చింది ట్రాక్‌లోది కాదు. ఇంకాస్త మెత్తగా ఉంది, చివర చిన్న వణుకుంది. అన్నయ్య ఎడమచేతి ఉంగరం వేలు చిన్నప్పుడు తలుపు సందులో నలిగింది. ఆ వేలితో నొక్కితే చివరి స్వరం అలాగే వణికేది. పాతికేళ్లు పక్కన కూర్చున్నవాణ్ణి, నాకు తెలియదా? నా కుడిచెయ్యి దానంతటదే తొడమీద దరువు వేసింది. ప్రసాదు సరిగ్గా సమయానికి చరణం అందుకున్నాడు. హాలంతా చప్పట్లు కొట్టారు.

దిగి నేరుగా నా దగ్గరికే వచ్చాడు. దొరికిపోయానన్న సిగ్గు కూడా లేదు, మొహం మాత్రం పాలిపోయింది.

"బావా, రెండోసారి విన్నావా?"

"ఒక్కసారేగా వచ్చింది" అన్నాను.

వాడితో నేనాడిన మొదటి అబద్ధం అది.

మైకు సెట్టు అతన్ని బతిమాలి ఆ ట్రాక్ కాపీ చేయించుకున్నాను. ఇంట్లో ఎన్నిసార్లు విన్నా బిట్ ఒక్కసారే ఉంది. మా ఆవిడ ఫోన్లో తీసిన వీడియోలో మాత్రం రెండుసార్లుంది. ట్రాక్ ఎక్కడో ఇరుక్కుని ఉంటుందంది ఆవిడ. ఇరుక్కుంటే ఉన్నదే మళ్లీ మోగాలి కదా, ఆ వణుకెక్కడిది? అన్నయ్య మాండలిన్ చూస్తే, తీగలు తీసేసి మా బీరువాలోనే ఉంది.

దెయ్యాలున్నాయని ఇప్పటికీ అనను. అదేమిటో మాత్రం చెప్పలేను. ప్రసాదు చేసిన మోసం అర్థమవుతుంది, మనుషులు చేసేదే. మూడేళ్లలో ఒక్కసారి నా కలలోకైనా రాని మా అన్నయ్య, సొంత తమ్ముడు ఎదురుగా కూర్చుని ఉంటే, వెళ్లి వాడికి వాయించాడు.