ఖరాబైన సామాను ఏమన్న ఉన్నదా?

మా తమ్ముడు బచ్చన్నపేట నుంచి ఫోన్ చేశాడు. వాడి కొడుకు మెకానికల్ ఇంజనీరింగ్ పూర్తి చేసి మహదేవపూర్ దగ్గర పంపుహౌస్‌లో ఉద్యోగానికి చేరాడు. "అక్కా, పోరనికి ఏమన్న కొనియ్యాలె. పనికొచ్చేది కావాలె, జర ఖుషీ కూడ కావాలె. ముప్పై ఏండ్ల సంది ఇంజనీరుతోని సంసారం చేస్తున్నవ్, నీకు తెల్వకపోతె ఇంకెవలకు తెలుస్తది?" అన్నాడు. ఆలోచించి చెప్తానని పెట్టేశాను. ఆ ప్రశ్న వింటేనే నాకు నీరసం వస్తుంది.

ఎందుకు రాదు? మా ఇంట్లో గోడకు పళ్లచక్రాల గడియారం ఒకటి ఉంది. చక్రాలన్నీ బయటికే కనబడతాయి, ఒక్కటీ తిరగదు, అవి చూడ్డానికేనట. స్పానర్ ఆకారంలో తాళాల గొలుసు ఉంది. లోపల స్క్రూడ్రైవరు దాచిన పెన్ను ఉంది, అది రాయనూ రాయదు, స్క్రూ తిప్పనూ తిప్పదు. ఇంజనీరుతో వాదించొద్దని ఇంగ్లీషులో రాసిన టీషర్టు ఉండేది, దానితో ఇప్పుడు పొయ్యి తుడుస్తున్నాను. ఇవన్నీ మా అమ్మాయి హైదరాబాద్ నుంచి ఫోన్‌లో చూసి చూసి పంపినవి. పాపం, ప్రేమతోనే పంపింది.

కానీ మా ఆయనకు జీవితంలో ఎక్కువగా అందిన బహుమతులు ఇవి కావు. ఖరాబైన సామాన్లు. ఆయన భూపాలపల్లిలో బొగ్గు గనుల వర్క్‌షాపులో ఇంజనీరు. అక్కడ చూసేవి ఇల్లంత యంత్రాలు. బంధువులకు అవేమీ పట్టవు. మెకానికల్ అంటే మిక్సీ బాగుచేసేవాడు, అంతే. ఎవరింటికైనా చుట్టాలు పండ్లు పట్టుకొస్తారు, మా క్వార్టర్‌కు ఇస్త్రీపెట్టె పట్టుకొచ్చేవాళ్లు. మా ఆడబిడ్డ మహబూబాబాద్ నుంచి కొంత దూరం రైల్లో, ఆ తర్వాత బస్సులో, ఒళ్లో టేబుల్ ఫ్యాను పెట్టుకుని దిగింది ఒకసారి. మా తమ్ముడు పత్తికి మందు కొట్టే స్ప్రేయర్ తెచ్చి నా వంటింటి గడపలో పెట్టాడు, ఆ వాసన పోవడానికి ఎంత కడిగానో నాకే తెలుసు.

ఆదివారం వస్తే నాకు బేజారు. దుప్పట్లకు గ్రీజు, చాటలో బియ్యం చెరుగుతుంటే స్క్రూలు. పోనీ మన ఇంటి పని చేస్తాడా అంటే, పొరుగింటి పుల్లకూర రుచి. మా స్నానాల గది నల్లా కారుతూనే ఉండేది, ఆయన తన చెల్లెలి గ్రైండరు ముందేసుకుని కూర్చునేవాడు. "ఇగో, ఇది ఇల్లా, రిపేరు దుకాణమా?" అని నేను లొల్లి పెడితే, "నీకు తెల్వదే, దీంట్ల మజా" అని తల ఎత్తకుండానే అనేవాడు.

కిందటేడు డ్యూటీలో ఉండగానే ఆయనకు పక్షవాతం వచ్చింది. కుడివైపు. కాలు కొన్ని నెలలకు దారికొచ్చింది, చెయ్యి రాలేదు. దవాఖానకు దగ్గరని జనగామలో మా సొంత ఇంటికి వచ్చేశాం. ఈ ఏడాదే ముఖ్యమమ్మా అని డాక్టరు నాకు విడిగా చెప్పాడు. చెయ్యితో పని చేయిస్తే ఎంతో కొంత తిరిగొస్తుంది, వదిలేస్తే అలాగే గట్టిపడిపోతుంది, తర్వాత ఎవరూ ఏమీ చేయలేరు అన్నాడు. పిసకమని ఒక మెత్తటి రబ్బరు బంతి ఇచ్చారు. ఆయన ఇంటికొచ్చి దాన్ని మంచం కిందికి తోసేశాడు. నేను తీసి ఇచ్చాను. మళ్లీ తోశాడు. "గంత గంత మిషన్లు నడిపిచ్చినోన్ని, చిన్నపోరగాని లెక్క బంతితోని ఆడుకోవాల్నా?" అన్నాడు. కోప్పడితే పోట్లాడేదాన్ని. ఆయన గొంతులో కోపం కూడా లేదు.

చూడ్డానికి చుట్టాలు వస్తూనే ఉన్నారు. ఇప్పుడు అందరూ పండ్లే తెస్తున్నారు. ఆపిల్స్, దానిమ్మలు. ఇంట్లో కుళ్లిపోతున్నాయి, ఎవరు తింటారు అన్నన్ని? మా ఆడబిడ్డ కూడా పండ్ల సంచితోనే వచ్చింది. ఆయన ఆ సంచి వైపు చూసి, "గ్రైండరు మంచిగ నడుస్తున్నదా?" అని అడిగాడు. "నడుస్తున్నదన్నా, మంచిగ నడుస్తున్నది" అంది. తర్వాత నేను ఆటో దాకా సాగనంపితే చెవిలో చెప్పింది: "ఎప్పుడో పోయింది వదినా. అన్నకెందుకు తక్లీబని చెప్పలే." లోపలికి వచ్చేసరికి ఆయన ఒక ఆపిల్‌ను ఎడం చేతిలో పట్టుకుని కూర్చున్నాడు. "దాని గ్రైండరు ఖరాబయింది కదా?" అన్నాడు. నేను పండ్ల సంచి తీసుకుని వంటింట్లోకి పోయాను. ఆ రోజంతా టీవీ సౌండు లేకుండా చూశాడు.

ఆయన పుట్టినరోజు దగ్గరపడింది. "అమ్మా, నాన్నకు ఏం పంపాలి?" అని మా అమ్మాయి ఫోన్. మనమే బిగించుకునే చిన్న ఇంజను బొమ్మ ఉందట, మొత్తం ఇనుముదేనట, బిగిస్తే నిజంగా తిరుగుతుందట. సరేనన్నాను. నాకు మాత్రం ఏం తెలుసు? పార్శిల్ వచ్చింది. ఆయన మంచం మీద కాగితం పరిచి పెట్టె విప్పించుకున్నాడు. ముక్కలన్నీ వేలి గోరంత. ఒకటి ఎడం చేత్తో పట్టుకుంటే రెండోది ఎవరు పట్టుకోవాలి? కుడిచెయ్యి దాని మీద వేయబోతే ముక్కలన్నీ నేల మీదికి జారిపోయాయి. కాసేపు వాటిని చూశాడు. "మంచిగున్నదని చెప్పు బిడ్డకు" అని అటు తిరిగి పడుకున్నాడు. నేను మంచం కింద చీపురుతో ఊడ్చి, దుమ్ములోంచి ఆ ముక్కలు ఏరాను. బంతి కూడా అక్కడే దొరికింది. అక్కడే కింద కూర్చుని ఏడ్చాను, ఇక నా వల్ల కాదనిపించింది.

ఆ తర్వాత ఒక పొద్దున నేను ఇడ్లీలు వేస్తున్నాను. ఆయన పచ్చడి సీసా కోసం వంటింట్లోకి వచ్చాడు. మూత బిగుసుకుపోయి ఉంది, నన్ను అడగలేదు. చెంచాల సొరుగు లాగి, సీసాను అందులో మూలకు పెట్టి, నడుముతో సొరుగును లోపలికి నొక్కి పట్టాడు. సీసా కదలకుండా నిలబడింది. ఎడం చేత్తో మూత తిప్పేశాడు. నేను చూడనట్టే ఉన్నాను, కానీ చూశాను. ఆయన ఎప్పుడూ వర్క్‌షాపులో వైసు గురించి చెప్పేవాడు, ఇనుప దవడలతో సామానును కదలకుండా పట్టుకునే పరికరం. అది మనిషికి మూడో చెయ్యి అనేవాడు. మా ఆయనకు ఇప్పుడు రెండోదే లేదు కదా అనుకున్నాను.

బజారులో హార్డ్‌వేర్ దుకాణానికి పోయి వైసు కావాలన్నాను. "ఎవలకమ్మా?" అన్నాడు దుకాణాయన. "మా ఆయనకు. పుట్టినరోజు" అన్నాను. అతను నన్ను ఒకసారి ఎగాదిగా చూశాడు. "పుట్టినరోజుకు గీ ఇనుప ముద్దేందమ్మా? గిది తీస్కపోండ్రి, గిఫ్టు లెక్క ఉంటది" అని తళతళలాడే స్పానర్ల పెట్టె ముందు పెట్టాడు. వద్దు, ముద్దే కావాలన్నాను. దాన్ని ఆటోలోకి ఎత్తడానికి ఇద్దరు మనుషులు పట్టారు. ఇంటి దగ్గర దించేటప్పుడు ఆటో అతను ఏం మోసుకొచ్చావు తల్లీ అన్నట్టు చూశాడు.

వడ్రంగిని పిలిచి వరండాలో పాత చెక్క బల్లకు బిగించమన్నాను. మా ఆయన కుర్చీలో కూర్చుని చూస్తున్నాడు. వడ్రంగి వైసును బల్ల మధ్యకు జరిపి మేకుతో గుర్తు పెట్టాడు. "గట్ల కాదు" అన్నాడు మా ఆయన. ఇద్దరం తిరిగి చూశాం. "అంచుకు జరుపు. దవడ బల్ల బయటికి రావాలె. లేకపోతె పొడుగు సామాను నిలువుగ ఎట్ల పడ్తవ్?" ఎన్ని నెలలకో గొంతు అంత గట్టిగా వినబడింది. వడ్రంగి విసుక్కుంటూనే జరిపాడు. నాకు మాత్రం ఇంకా తిట్టించుకుంటే బాగుండనిపించింది.

సంతోషం అక్కడితో ఆగింది. ఆయన వైసుకు నూనె వేశాడు, గుడ్డతో తుడిచాడు, ఊరుకున్నాడు. రోజూ తుడవడం, ఊరుకోవడం. "వాడరా?" అని అడిగితే, "దాంట్ల ఏం పెట్టి బిగియ్యాలె, నీ చెయ్యా?" అన్నాడు. నిజమే కదా. ఇల్లంతా చూస్తే అన్నీ నడిచే వస్తువులే. వచ్చిన దగ్గర్నుంచి నేనే అన్నీ షాపులో బాగుచేయించి పెట్టాను, ఆయనకు కష్టం ఎందుకని.

అడగనిదే అమ్మైనా పెట్టదంటారు. సిగ్గు విడిచి అందరికీ ఫోన్లు చేశాను. మీ ఇంట్లో ఖరాబైన సామాను ఏమన్న ఉన్నదా అని. మా ఆడబిడ్డ గ్రైండరును పాత సామాన్లవాడికి వేసేసిందట. మా తమ్ముడి స్ప్రేయర్ కొత్తదట. "ఏం లేవు, అన్నీ మంచిగనే ఉన్నయి. ఆయనను పరేషాన్ చెయ్యకుండ్రి, రెస్టు తీస్కోనీయుండ్రి" అన్నారు ఒక్కొక్కరే. ముప్పై ఏళ్లు నా ఇంటిని రిపేరు దుకాణం చేసినవాళ్ల దగ్గర, నాకు కావాల్సినప్పుడు ఒక్క పాడైన ఇస్త్రీపెట్టె దొరకలేదు. ఎంత కోపం వచ్చిందో చెప్పలేను.

మధ్యాహ్నం ఆయన నిద్రపోతుంటే నా మిక్సీని వెనక గదిలోకి పట్టుకుపోయాను. తలకిందులు చేసి, చేతికి దొరికిన స్క్రూడ్రైవరుతో అడుగు విప్పాను. స్క్రూలు రావు. చెమటలు కారిపోయాయి. లోపల ఒక ఎర్ర వైరు కనబడితే దాన్ని పట్టి గుంజేశాను, ఊడొచ్చింది. మళ్లీ ఎలా ఉందో అలా మూసేసి వంటింట్లో పెట్టాను. మంచి మిక్సీ. చేతులారా పాడుచేసుకున్నాను.

"మిక్సీ నడుస్తలేదు" అన్నాను మర్నాడు పొద్దున. "షాపుకు పంపు" అన్నాడు. "షాపాయన ఊర్లో లేడట. ఇయ్యాల పచ్చడి లేదు, మీ ఇష్టం" అని నా పనిలో నేను పడ్డాను. పప్పు పొయ్యి మీద పెట్టాను. తర్వాత వరండాలో కుర్చీ జరిపిన సప్పుడైంది.

కిటికీలోంచి చూశాను. మిక్సీని వైసులో పెట్టాడు, దవడలు దాన్ని నొక్కి పగలగొట్టకుండా రెండు వైపులా గుడ్డ మడత పెట్టి. ఎడం చేత్తో స్క్రూడ్రైవరు పట్టుకున్నాడు. దాని మొన స్క్రూ గాడిలో నిలవడం లేదు, జారిపోతోంది. మళ్లీ పెట్టాడు, మళ్లీ జారింది. ఇక లేచిపోతాడనుకున్నాను. లేవలేదు. ఎడం చేత్తో కుడిచేతిని ఎత్తి తెచ్చి స్క్రూ పక్కన పెట్టాడు. ఆ చేతి వేళ్లు రెండు, బంతిని ఒక్కసారీ పిసకని వేళ్లు, మెల్లగా దగ్గరికొచ్చి మొనను పట్టుకున్నాయి. వణుకుతూనే పట్టుకున్నాయి. పొయ్యి మీద పప్పు మాడుతున్నా నేను కదల్లేదు.

వంట అంతా అయిపోయాక మిక్సీ గిర్రున తిరిగిన శబ్దం వినబడింది.

ఇద్దరం అన్నానికి కూర్చున్నాం. ఆయన ఎడం చేత్తో చెంచా పట్టుకుని మాడిన పప్పు కలుపుకుంటూ, "గది ఖరాబు గాలే" అన్నాడు. నేను చారు పోశాను. "వైరు కాలలే, తెగలే. ఎవలో గుంజిండ్రు. స్క్రూల తలకాయలన్ని గీకిండ్రు. పెద్ద స్క్రూను చిన్న స్క్రూడ్రైవరుతోని ఇప్పిండ్రు." ఆయన తల ఎత్తలేదు. "నువ్వేనా?"

"నేనే" అన్నాను. దాచే ఓపిక కూడా లేదు నాకు. అబద్ధం బయటపడినందుకు సిగ్గు, ఇక ఆ బల్ల దగ్గరికి మళ్లీ రాడేమోనని భయం. కంచంలోకి చూస్తూ కూర్చున్నాను.

ఆయన చారు మొత్తం తాగాడు. కుడిచెయ్యి కంచం పక్కన ఉంది, ఆ రెండు వేళ్లకూ గ్రీజు అంటి ఉంది, కడుక్కోలేదు.

"రేపు టేబుల్ ఫ్యాను ఖరాబు చెయ్యి" అన్నాడు. "జర మంచిగ చెయ్యి. పెద్ద స్క్రూడ్రైవరు అటక మీద రేకు డబ్బల ఉంటది."

అన్నం తిని, గిన్నెలు కడగకుండానే, స్టూలు వేసుకుని అటక ఎక్కాను.