ఒక్కసారే పూసే మొక్కకు సీరియల్ సెట్లు

2023 వేసవి. అరిజోనాలో, టూసాన్ శివార్లలో ఎడారి మొక్కలతో ఇళ్ళ ముందు తోటలు వేయడం నా పని. కొత్తగా ఇల్లు కొన్న సాఫ్ట్‌వేర్ ఇంజనీరు శ్రీధర్ ఫోన్ చేశాడు.

"పద్మగారూ, ముందున్న ముళ్ళ మొక్కలోంచి స్తంభంలా పూలకొమ్మ లేచింది. చీకటి పడితే చాలు, గబ్బిలాలు! వచ్చేవారం గృహప్రవేశం. కట్ చేయించేయండి."

అది అగావే. చూడటానికి పెద్ద కలబందలా ఉంటుంది. ఏళ్ళ తరబడి బలం కూడబెట్టి బతుకులో ఒక్కసారే పూస్తుంది, ఆపైన చచ్చిపోతుంది. ఈ రకానికి పిలకలు అరుదు, విత్తనమే దిక్కు. తేనె కోసం వచ్చే గబ్బిలాలే దీని ముఖ్యమైన పాలినేటర్లు, అంటే పువ్వు నుంచి పువ్వుకు పుప్పొడి మోసేవి. ఇదంతా గొంతు నొప్పెట్టేలా చెప్పాను. "సరే, కట్ చేయను లెండి" అన్నాడు. గింజలు నాకివ్వాలని మాట కూడా తీసుకున్నాను.

గృహప్రవేశం నాటి సాయంత్రం విందుకు వెళ్ళేసరికి పూలకొమ్మకు కింద నుంచి పైదాకా సీరియల్ సెట్లు! పట్టపగల్లా వెలిగిపోతోంది.

"బాగుంది కదండీ? వారం నుంచీ వేస్తున్నాం. గబ్బిలాలు టోటల్‌గా స్టాప్ అయిపోయాయి!"

"అయ్యో రామా! అవి రాకపోతే కాయలెలా కాస్తాయండీ? తీసేయండి."

"శుభమా అని ఫంక్షన్ చేసుకుంటూ లైట్లు తీసేస్తే ఏం బాగుంటుంది? ఇంకో రెండు వీక్స్ ఉంచుదామనుకుంటున్నాం."

నాకు ఒళ్ళు మండిపోయింది. "మీరు ఊళ్ళో తెలుగువాళ్ళందర్నీ పిలుచుకున్నారు. ఆ మొక్క జన్మకొక్కసారి చుట్టాల్ని పిలుచుకుంటే గుమ్మంలోంచే తరిమేస్తున్నారు!" అని అందరి ముందూ అనేశాను.

అతని భార్య లావణ్య చేతిలోని తాంబూలాల పళ్ళెం కింద పెట్టింది. "ఇంకో రెండు వీక్స్ ఏంటి శ్రీ, నాన్సెన్స్!" అని వెళ్ళి ప్లగ్ లాగేసింది.

శీతాకాలం మొదట్లో గింజల కోసం వెళ్ళాను. మొక్క ఎండిపోయింది. పై కొమ్మల నిండా కాయలు, కింది కొమ్మలు దాదాపు బోడిగా ఉన్నాయి.

"కిందవాటికేమైందండీ?" అన్నాడు శ్రీధర్.

"పూలు కింద నుంచి పైకి విచ్చుకుంటూ వస్తాయి. కిందివి విచ్చినప్పుడు మీ లైట్లు వెలుగుతున్నాయి."

అతను నిచ్చెన తెచ్చి కాయలు తనే కోసిచ్చాడు.

మొక్కను కొట్టొద్దని చెబితే సరిపోదని, రాత్రుళ్ళు దాన్ని చీకట్లో వదిలేయమని కూడా చెప్పాలని నాకప్పుడు తెలిసింది. ఇప్పుడు ఎవరింటికి వెళ్ళినా ముందు లైట్ల సంగతే అడుగుతున్నాను. ఆ కింది కొమ్మలకు మాత్రం ఇంకో వేసవి లేదు.