“ఏమిటి” అంటే పలకని పిల్లి

రెండు కళ్ల మీదా తెల్లటి పొర. ఏమీ కనపడదు. ఆరేళ్ల ఆడపిల్లి. శ్రీముఖలింగం దగ్గర ఏదో పల్లెలో దాన్ని పెంచిన ముసలమ్మ పోతే, ఎవరో తెచ్చి విజయనగరంలో పశువుల ఆసుపత్రిలో వదిలారట. “చూపు లేదు, పైగా పిరికిది. ఎవరూ తీసుకోవడం లేదండీ” అన్నారు డాక్టరు. “నేను తీసుకుంటాను” అనేశాను. ముందు నోరు, తర్వాత బుద్ధి. నా వరస ఎప్పుడూ అంతే.

ఇంటికి తేగానే మంచం కింద దూరింది. రెండు రోజులు పాలు ముట్టలేదు, అన్నం ముట్టలేదు. ముసురు పట్టిన మధ్యాహ్నాలు. కర్టెన్ దాటి వచ్చిన వాన వెలుగు నేలంతా మెల్లగా కదిలేది. నేను ఆ నేల మీదే పడుకుని దాని ఊపిరి వినేదాన్ని. వింటూ వింటూ కునుకు పట్టేది. మెలకువ వచ్చేసరికి వినపడుతున్నది దాని ఊపిరో నాదో తెలిసేది కాదు. “ఇలా రా తల్లీ. ఏమిటి నీ బాధ? చెప్పు” అని బతిమాలేదాన్ని. నేను కాలేజీలో తెలుగు చెబుతాను. నా ఉచ్చారణంటే పిల్లలకు హడల్. దీనికీ అదే పుట్టినట్టుంది.

ఫోన్ చేస్తే డాక్టరు ఉన్నమాట చెప్పేశారు. “రేపటికల్లా తినకపోతే లివర్ పాడవుతుంది. ఇక నా చేతిలో ఉండదు.”

మర్నాడు పొద్దున్నే చేపలమ్మే ఆమె వచ్చింది. గంప గుమ్మంలో దించి, లోపలికి తొంగిచూసి, “ఏటే గుంటా, అక్కడేటి సేస్తన్నావు? దా, సూడనీ నిన్ను” అంది. మంచం కింద నుంచి మీసాలు వచ్చాయి, వాటి వెనక తల. ఓరి దేవుడా! చేపల వాసనకే అనుకుని గబగబా ఒకటి కొని పళ్లెంలో పెట్టి, “రా తల్లీ, చేప చూడు” అన్నాను. తల లోపలికి పోయింది.

ఆమె పకపకా నవ్వింది. “పుస్తకం సదివినట్టు పిలిస్తే అదేటొస్తాది, అమ్మగోరూ?”

ఒళ్లు మండింది. ఆమె వెళ్లగానే తలుపు దడాల్న వేశాను. నాదీ శ్రీముఖలింగం వైపే, నరసన్నపేట. మా ఇంట్లో అందరిదీ ఆ చేపలామె మాటే. టీచర్ ట్రైనింగులో “ఏటి” అన్నానని క్లాసంతా నవ్వితే, హాస్టల్ అద్దం ముందు నిలబడి “ఏమిటి, చెప్పు, చూడు” అని నెలల తరబడి నాలుక తిప్పుకున్నాను. సెలవులకు వెళ్లి అమ్మతో కూడా అలాగే మాట్లాడాను. “నీ ముందర నోరిప్పాలంటే సిగ్గేస్తందే” అంది ఒకసారి. నవ్వేసి ఊరుకున్నాను. అప్పట్నుంచీ ఆమె నాతో మాటలు తగ్గించేసింది. పోయి నాలుగేళ్లయింది.

మళ్లీ నేల మీద పడుకున్నాను. “ఏ... ఏటే” అన్నాను. ఒక చెవి కదిలింది.

“ఏటే గుంటా, ఆకలెయ్యట్లేదేటి? రాయే. నా తల్లివి కదేటి. సేప తిందువు గాని.”

వచ్చింది. ముక్కుతో తడుముకుంటూ ముందు నా మణికట్టు, తర్వాత పళ్లెం వెతుక్కుంది. తిన్నది. ముల్లు కూడా మిగల్చలేదు. నేను మాత్రం ఆపలేకపోయాను. ఏడుస్తూ, అమ్మతో మాట్లాడవలసినవన్నీ ఆ మాటలోనే పిల్లితో చెప్పుకుంటూ కూర్చున్నాను.