దూదన్న వినకూడదనుకున్న మాట

చేతి మెత్తదనం చూసి అందరూ అతన్ని దూదన్న అంటారు. పొద్దున్న షట్టరు ఎత్తింది మొదలు చీకటి పడేదాకా అతని కత్తెర ఆగదు. "ఇన్సూరెన్సు లేనివాళ్లంతా సోమరిపోతులన్నా! ఒళ్లు వంచితే ఎందుకుండదు?" అని అతనికే తల అప్పగించి కూర్చున్నవాళ్లు అంటూంటారు. "తల కదపకండి సార్" అంటాడు దూదన్న. అంతే.

పెద్ద సెలూన్లో జీతానికి ఉన్నన్నాళ్లూ అతనికీ ఇన్సూరెన్సు ఉండేది. అది మూతపడి, సొంత కొట్టు పెట్టుకున్నాక ముందు భార్యకు చేయించాడు. తనది వెనక్కి జరుపుతూ పోయాడు. ఈలోగా దవడ కింద గడ్డ లేచింది.

అప్పుడు ఏజెంటును పిలిచాడు. తెలిసిన జబ్బుంటే రాయాలి, రాస్తే దానికి పైసా రాదన్నాడతను. దూదన్న అబద్ధం రాసే మనిషి కాదు. అందుకని తెలుసుకోవడమే మానేశాడు. ఎండల్లోనూ కాలరు బిగించుకు తిరిగాడు. డాక్టరుకు చూపించుకోడు, ఎంత నిర్లక్ష్యమో అని వీధంతా విసుక్కుంది.

సంతకం పెట్టాల్సిన వారమే, గడ్డం గీయించుకుంటున్న కుర్ర డాక్టరు అద్దంలో చూశాడు.

"అన్నా, మెడ దగ్గర ఏంటది? ఇలా రా."

"మీకు దణ్ణం పెడతా బాబూ, దాని పేరు మాత్రం చెప్పకండి."

"పిచ్చా నీకు?"

"భయం బాబూ. మీరు చెబితే నాకు తెలిసిపోతుంది."

తువ్వాళ్లు మడతపెడుతున్న భార్య లేచి వచ్చింది. "చూడనివ్వు. చూశాక నువ్వు బయటికి పో. ఆ మాటేదో నాతో చెబుతారు."

"తెలివి తెల్లారినట్టే ఉంది!"

"ఇన్నాళ్లూ నీ తెలివితో వెలగబెట్టాంగా. కాలరు తియ్యి."

ఒక చెంప మీద నురగతోనే డాక్టరు కుర్చీలోంచి లేచి గడ్డ నొక్కి చూశాడు. దూదన్న బయటికి నడిచాడు. మధ్యన గాజు తలుపు.

"అటు తిరిగి నిలబడదామనే అనుకున్నా" అని తర్వాతెప్పుడో నా జుట్టు కత్తిరిస్తూ నాతో చెప్పాడు. "నా వల్ల కాలేదు. ఆయన రెండు మాటలన్నాడో లేదో, మా ఆవిడ కుర్చీ పట్టుకుంది. తర్వాత అందులోనే కూలబడింది. కొట్టు తెరిచాక ఆ కుర్చీలో ఒక్కనాడూ కూర్చున్న మనిషి కాదు."

బయటికొచ్చి ఆమె, "ఏం లేదంట" అంది.

"నమ్మినట్టే తలూపా. ఏజెంటు వచ్చి పెన్ను చేతికిచ్చాడు. 'జబ్బేదీ ఉన్నట్టు తెలియదు' అన్న చోట సంతకం పెట్టమన్నాడు. చెయ్యి రాలేదు."